నీలం చొక్కా, ఎడమ చెయ్యి

వకీలు గదిలో కుర్చీలు మెత్తనివే. అయినా సూదక్క అంచు మీదే కూర్చుంది, ముళ్ళకంప మీద కూర్చున్నట్టు. పక్క కుర్చీలో మరదలు మాత్రం వీపు ఆనించింది. మొగుడు జైలుకు పోయాక ఆ మనిషి వీపు ఆనించి కూర్చోవడం ఇదే మొదలు.

“ఇంక మీరు గుండెల మీద చెయ్యేసుకుని పడుకోండి,” అన్నాడు వకీలు. “కింది కోర్టు శిక్ష వేసింది. వేస్తే వేసింది. అప్పీలులో మనకి కొండంత అండ ఉంది. ఏమిటో తెలుసా? చొక్కా.”

“చొక్కానా?” అంది సూదక్క.

“అవునమ్మా, నీలం చొక్కా. మీ లాండ్రీలో ఇస్త్రీ చేసే ఆ అమ్మాయి ఏం చెప్పింది? బట్టల గదిలో మీ తమ్ముడు తన మీద పడ్డప్పుడు చేతిని కొరికానంది. చొక్కా మీంచే కొరికాను, గుడ్డ పళ్ళ కింద చిరిగింది అంది. ప్రమాణం చేసి మరీ చెప్పింది. మీ వాడేమో, ఆ రోజు నేను వేసుకున్నది ఇదే, తీసుకెళ్ళి చూసుకోండని పోలీసులకి తన చేత్తో తనే ఇచ్చాడు. కాలరు లోపల మీ లాండ్రీ గుర్తుంది. పక్కవాళ్ళూ ఇదే చొక్కా అన్నారు. మరి దానికి చిరుగేదీ? భూతద్దం పెట్టి వెతికినా లేదు. కింది జడ్జిగారు, భయంలో అలా అనిపించి ఉంటుందిలే అని దాటేశారు. నేను దాటనిస్తానా? అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు కదా. ఒక్క మాట అబద్ధమైతే ఆ పిల్ల చెప్పిందంతా అబద్ధమే అంటాను.”

మరదలు నవ్వింది. చాలాకాలంగా వాడని తలుపు తీసినట్టుంది ఆ నవ్వు.

సూదక్క నవ్వలేదు. ఆమె కుడిచేతి బొటనవేలు చూపుడువేలి కొసని రుద్దడం మొదలుపెట్టింది.

“ఏ చెయ్యి?” అంది.

“ఆఁ?”

“ఏ చెయ్యి కొరికానంది ఆ పిల్ల?”

వకీలు కాగితాలు తిప్పాడు. “ఎడమ చెయ్యి. మోచేతికి కాస్త కింద.”

సూదక్క లేచి నిలబడింది. ఎందుకు లేచిందో తనకే తెలియలేదు. “మంచినీళ్ళు,” అంది. గ్లాసు ఆమె ముందే, బల్ల మీదే ఉంది.

ఆమె అసలు పేరు లాండ్రీ యజమానికి కూడా గుర్తులేదు. చిరిగిన బట్టని చిరగనట్టు చేసే రఫూ పని ఆమెది. అతుకు వేయడం కాదు. చిరుగు చుట్టూ పోగు పోగూ ఎత్తి, పడుగుకి పడుగు, పేకకి పేక, మళ్ళీ నేసినట్టు నేస్తుంది. దారం బయటినుంచి తేదు. ఆ బట్ట అంచు మడతలోనే, ఎవరూ చూడని చోట, నాలుగు పోగులు లాగి ఆ బట్టకే పెడుతుంది. ఎవరి సొమ్ము వాళ్ళకే. అందుకే రంగులో తేడా రాదు. ఇంకో పద్ధతి కూడా ఉంది: చిరుగు కనపడితే ఉతక్కముందే కుట్టెయ్యాలి. నీళ్ళు తగిలితే చిరుగు నోరు తెరుస్తుంది. అమ్మ నేర్పిన పద్ధతి అది. ఇన్నేళ్ళలో తప్పలేదు.

తమ్ముణ్ణి పెంచిందీ ఆమే. అమ్మ పోయేనాటికి వాడు గోడ పట్టుకుని నడుస్తున్నాడు. తన పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా “వీణ్ణో ఒడ్డున పడెయ్యనీ” అనేది. వాడు ఒడ్డున పడ్డాడు. అదే లాండ్రీలో వ్యాను నడిపే పని, పెళ్ళి, ఒక ఆడపిల్ల. ఈమెకి పెళ్ళి ఈడే దాటిపోయింది.

వకీలు ఇంటి దగ్గర్నుంచి బయలుదేరి ఇద్దరూ నడుస్తున్నారు. సూదక్క ముందు, మరదలు రొప్పుతూ వెనక.

“వదినా, బస్సు పోయింది! అదిగో మన బస్సే!”

“పోనీ.”

“పోనీ అంటావేంటి? కాళ్ళు నావి కూడా.”

సూదక్కకి ఆ మాటలు వినపడటం లేదు. ఆమె కళ్ళ ముందు చొక్కా ఉంది. ఆ సాయంత్రం తమ్ముడు తెచ్చి ఒళ్ళో పడేశాడు. “గేటు మేకు పట్టుకుంది అక్కా, రేపటికి కావాలి,” అన్నాడు. చూసింది. చిరుగు చిన్నదే, నెలవంకలా వంపు తిరిగి ఉంది. పక్కన ఆవగింజంత మరకలు. చొక్కా చెయ్యి తిప్పి చూస్తే అవతలి వైపు ఇంకోటి. అదీ నెలవంకే, సరిగ్గా దీనికి ఎదురుగా. మేకు ఒకవైపే దిగుతుంది, సూటిగా చీరుతుంది. చిరుగులతో బతికే మనిషికి ఆ మాత్రం తెలియదా? తెలుసు. ఆ తెలిసింది మనసుదాకా రాకముందే సూది గుడ్డలోకి దిగిపోయింది. కుట్టడం అయ్యాక చన్నీళ్ళలో నానేసింది. నెత్తుటి మరకకి వేడినీళ్ళు పనికిరావు. అది నెత్తురని ఆమెతో ఎవరూ అనలేదు. చేతులే చన్నీళ్ళు వెతుక్కున్నాయి.

కింది కోర్టులో విచారణ నడిచినన్నాళ్ళూ ఆమె ఆ గుమ్మం తొక్కలేదు. తమ్ముడే రావద్దన్నాడు. “ఆ మాటలు నువ్వు వినలేవక్కా,” అన్నాడు. తన మీద ప్రేమ అనుకుంది.

మర్నాడు పనిలో కూర్చుంది. సూది బెజ్జంలోకి దారం పోదు. పోతే ముడి పడదు. పడితే తెగుతుంది. ఎవరిదో ఉన్ని కోటు ఒళ్ళో పెట్టుకుని, ఒకే పోగు లాగి, పెట్టి, మళ్ళీ లాగింది. వేలికి సూది గుచ్చుకుంది.

“ఏం సూదక్కా, ఇవాళ సూదే నిన్ను కుడుతోందా?” అన్నాడు యజమాని అటుగా పోతూ.

“పాపం, దానికీ తెలియాలిగా నా రుచి,” అంది. అతను నవ్వుకుంటూ పోయాడు. ఆమె వేలు నోట్లో పెట్టుకుని ఇస్త్రీ బల్లకేసి చూసింది.

అక్కడ ఇప్పుడు కొత్త మనిషి. ఆ అమ్మాయి ఉన్న రోజుల్లో పద్ధతి వేరు. పాతికేళ్ళ పిల్ల, డేగ కళ్ళు. ఇస్త్రీ చేస్తూ చేస్తూ ఎక్కడ చిరుగు కనపడినా అక్కడ గుండుసూది పెట్టి, బట్ట మడిచి, “అక్కా, నీకు మేత,” అని విసిరేది. సూదక్క చిరుగు వెతుక్కునే పని లేదు. గుండుసూది ఎక్కడుందో అక్కడ కుట్టడమే. కుట్టి పంపితే ఆ పిల్ల బట్ట అటూ ఇటూ తిప్పి, “ఎక్కడే? నేనే కదా సూది పెట్టింది, నాకే కనపడదేంటి?” అని తిట్టేది. అది తిట్టు కాదు. సూదక్క రోజంతా ఆ తిట్టు మీద బతికేది.

ఫిర్యాదు చేశాక ఆ పిల్ల మళ్ళీ పనిలోకి రాలేదు. ఒకసారి వీధి మలుపులో ఎదురైంది. గోడకి వీపు ఆనించి నిలబడి ఉంది. ఇప్పుడెక్కడ నిలబడినా వెనక గోడ ఉండేలా చూసుకుంటుందట. సూదక్క తల దించుకుని రోడ్డు దాటేసింది. తమ్ముడి మీద అభాండం వేసిన మనిషితో మాటలేంటి అనుకుంది అప్పుడు.

ఉన్ని కోటు పక్కన పడేసి లేచింది. “ఎక్కడికి?” అన్నాడు యజమాని. “జైలుకి,” అంది.

జైల్లో మాట్లాడే గదిలో మధ్యన ఇనుప జల్లెడ. ఇవతల బెంచీ, అవతల బెంచీ. గోడకి కొత్తగా సున్నం వేశారు, ఆనుకున్న ప్రతి మనిషి వీపూ తెల్లబడుతోంది. తమ్ముడు నవ్వుతూ వచ్చాడు.

“చిక్కిపోయావేంటక్కా?”

“నువ్వే లావయ్యావు.”

“కూర్చోబెట్టి మేపుతున్నారు మరి. వకీలు చెప్పాడా? పనైపోయినట్టే అంటున్నాడు.”

సూదక్క బెంచీ మీద కూర్చోలేదు. జల్లెడ పట్టుకుని నిలబడింది.

“ఒరే, నీలం చొక్కా ఏ మేకు పట్టుకుందిరా?”

“ఏ మేకు?”

అంతే అన్నాడు. అనేశాక వాడి ముఖంలో నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళు అటూ ఇటూ వెళ్ళి వచ్చాయి. “ఓ, అదా. వ్యాను తలుపుది.”

“గేటు మేకన్నావు.”

పక్కన ఎవరో ముసలాయన కొడుకుని పళ్ళు తోముకుంటున్నావా అని అడుగుతున్నాడు. తమ్ముడు జల్లెడకి ముఖం దగ్గరగా తెచ్చాడు. గొంతు తగ్గించాడు.

“నీ చెయ్యి బంగారమే అక్కా. అంతమంది తిప్పి తిప్పి చూశారు, ఒక్కడి కంటికీ ఆనలేదు. ఆ చొక్కా పోలీసుల చేతికిచ్చేటప్పుడు నాకు రవ్వంత కూడా భయం లేదు తెలుసా? మా అక్క కుట్టిందంటే ఇంక అది చిరగలేదన్నట్టే.”

వాడు ఇంతవరకూ ఆమె పనిని మెచ్చుకున్నది లేదు. చిన్నప్పుడు నిక్కరు కుట్టినా, పెళ్ళికి కోటు సరిచేసినా “ఊఁ” అనేవాడు. ఇన్నేళ్ళకి మెచ్చుకున్నాడు.

“అయితే ఆ పిల్ల చెప్పింది...”

“ఆ పిల్ల ఊసెందుకిప్పుడు? నోరు మూసుకుని ఉండాల్సింది, ఉండలేదు. నువ్వైనా ఉండు. నీకు నేను కావాలా, అది కావాలా?”

సూదక్క జల్లెడ మీంచి చేతులు తీసేసింది. వేళ్ళ మీద గళ్ళు పడ్డాయి. వచ్చేసింది. వాడు వెనకనుంచి “అక్కా, వచ్చేటప్పుడు సబ్బు తీసుకురా,” అన్నాడు.

ఇంట్లో మేనకోడలు నిద్రపోయింది. మరదలు వంటగదిలో గిన్నెలు సర్దుతోంది. సూదక్క ఆ గదిలోంచి ఈ గదిలోకి, ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరుగుతోంది. కిటికీ తీసింది. వేసింది. మళ్ళీ తీసింది.

“కాలుకాలిన పిల్లిలా ఏంటా తిరుగుడు? ఆడపడుచు అర్ధమొగుడని ఊరికే అనలేదు. ఆయన లేకపోతే నువ్వు సతాయిస్తున్నావు,” అంది మరదలు. ఈమధ్య ఆమె మాటల్లో కాస్త హుషారు వచ్చింది.

“ఆ చొక్కాకి చిరుగుంది. నేనే కుట్టాను.”

గిన్నె చప్పుడు ఆగింది. సూదక్క ఎదురుచూసింది. నిజమా అని అడుగుతుంది, ఏడుస్తుంది, లేకపోతే తన మీద పడుతుంది అనుకుంది. మరదలు చేతులు తుడుచుకుంది. ఒక్కొక్క వేలూ తుడుచుకుంది.

“ఎవరితోనైనా అన్నావా?”

సూదక్క గడప మీద కూలబడింది. “నీకు ముందే తెలుసా?”

“నాకేం తెలుసు? ఆ రోజు చేతికి గుడ్డ చుట్టుకుని పడుకున్నాడు. ఏమైందంటే ఇస్త్రీ పెట్టె తగిలిందన్నాడు. సరే అన్నాను.”

“నాకు మేకన్నాడు.”

“నీకు మేకు, నాకు ఇస్త్రీ పెట్టె.” మరదలు నవ్వబోయింది. నవ్వు రాలేదు. “ఒకే ఇంట్లో ఉన్నాం. నువ్వు నన్నడగలేదు, నేను నిన్నడగలేదు.”

“ఇప్పుడు అడిగాంగా.”

“ఏం చేస్తావిప్పుడు? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది వదినా. పడేది ఎవరి కాళ్ళ మీదో తెలుసా? అదిగో, ఆ పడుకున్నదాని కాళ్ళ మీద. రేపు బళ్ళో దీన్ని ఏమని పిలుస్తారు?”

“ఇప్పుడేమని పిలుస్తున్నారు?”

“ఇప్పుడు వాళ్ళ నాన్న మీద పెట్టింది తప్పుడు కేసు అని చెప్పుకుంటోంది. ఆ మాత్రం నీడ కూడా ఉంచవా?”

సూదక్క పిల్ల పక్కకి వెళ్ళింది. నిద్రపోతున్న మేనకోడలి గౌనుకి గుండీ వేలాడుతోంది. అలవాటుగా దాన్ని పట్టుకుంది, సూది కోసం జాకెట్టు తడుముకుంది. మళ్ళీ వదిలేసింది.

“మరి వాడు వస్తాడు,” అంది. “నా కుట్టు పుణ్యమాని ఇంటికి వస్తాడు. వచ్చి ఈ గదిలో పడుకుంటాడు. ఇది పెద్దదవుతుంది. నువ్వు వీపు ఆనించి పడుకోగలవా?”

మరదలు దీపం ఆర్పి, కూతురికి అడ్డంగా, గుమ్మానికీ పిల్లకీ మధ్యన పడుకుంది. తను ఎటు పడుకుందో ఆమెకి తెలిసినట్టు లేదు.

అప్పీలు విచారణకి సూదక్క ముందుగానే వచ్చింది. వరండాలో బెంచీలున్నాయి, కూర్చోలేదు. మెట్లు దిగింది, ఎక్కింది. బంట్రోతు విసుక్కున్నాడు. “అమ్మా, ఈ మెట్లు మొక్కుకున్నావా ఏంటి?”

“సర్కారు తరఫున వాదించే ఆవిడ ఎవరు బాబూ?”

అతను చూపించాడు. నల్లకోటు వేసుకున్న పొట్టి మనిషి, జలుబుతో ముక్కు చీదుకుంటోంది. సూదక్క దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఆవిడ కోటు మోచేతి దగ్గర చిన్న చిరుగు ఉంది. ముందు అదే కనపడింది.

“నేను ముద్దాయి అక్కనండి.”

“మీతో నేను మాట్లాడకూడదమ్మా. మీ వకీలుతో చెప్పుకోండి.”

“మా వకీలుకి ఇది పనికిరాదండి,” అంది సూదక్క. “ఆ చొక్కాకి చిరుగుంది. కుట్టింది నేను.”

ఆవిడ రుమాలు ముక్కు దగ్గరే ఆగిపోయింది. “ఏమంటున్నారో తెలుసా మీకు? ఈ మాట లోపల చెబితే వెనక్కి తీసుకోవడానికి ఉండదు. ఆయన మీ తమ్ముడు.”

“తెలుసండి. ఎత్తుకుని పెంచాను.” ఆమె పైట కొసని వేలికి చుడుతోంది, విప్పుతోంది. “త్వరగా పిలిపించండి. ఆలస్యమైతే ఇంటికి పారిపోతానేమో.”

లోపల పెద్ద గొడవే అయింది. వకీలు బల్ల గుద్దాడు. ఇన్నాళ్ళు లేని సాక్షి ఇప్పుడెక్కడినుంచి ఊడిపడిందన్నాడు. జడ్జీలిద్దరూ తలలు దగ్గర పెట్టుకుని గుసగుసలాడుకున్నారు. అప్పీలు చొక్కా మీదే నిలబడింది కాబట్టి చొక్కా గురించి చెప్పేది వింటామన్నారు. బోనులో తమ్ముడు నిలబడి ఉన్నాడు. అక్క సాక్షిగా వస్తుంటే ముందు నవ్వాడు, తన కోసమే అనుకుని. సర్కారు ఆవిడ లేచి ప్రశ్న వేసేసరికి ఆ నవ్వు పోయింది.

సూదక్క చెప్పింది. తక్కువే చెప్పింది. చిరుగు తెచ్చాడని, మేకన్నాడని, చిరుగు రెండు వైపులా ఉందని, ఎదురెదురుగా ఉందని, ఉతక్కముందే కుట్టానని.

“దాచమని మీ తమ్ముడు చెప్పాడా?” అన్నాడు వకీలు. మెత్తగానే అడిగాడు. అతని ముఖంలో కోపం కన్నా అలసట ఎక్కువుంది.

“లేదండి. చిరుగు ఉంటే కుట్టడమే నా పని.”

“చొక్కాని అందరూ చూశారు. ఎవరికీ కనపడనిది ఉందని మీ మాట మీద నమ్మాలా?”

“చూపిస్తానండి.”

సంచి సీలు విప్పి చొక్కా ఆమె చేతికిచ్చారు. మడతలు పడి, సంచి వాసన వేస్తోంది. ఎడమ చెయ్యి పరిచింది. కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పట్టుకుంది. కిటికీ వెలుగుకి ఎత్తింది. కనపడలేదు. మళ్ళీ చూసింది. తన కుట్టే తనకి దొరకడం లేదు. గదిలో ఎవరో దగ్గారు. వకీలు గోడ గడియారం వైపు చూశాడు. సూదక్క నుదుట చెమట పట్టింది. అంత బాగా ఎందుకు కుట్టానురా దేవుడా అనుకుంది.

అప్పుడు కళ్ళు మూసుకుంది. బొటనవేలుని గుడ్డ మీద పెట్టి, మోచేతి దగ్గరనుంచి కిందికి, చంటిపిల్ల వీపు నిమిరినట్టు మెల్లగా జరిపింది. ఒకచోట వేలు ఆగింది.

“అక్కా,” అన్నాడు తమ్ముడు. గోడ పట్టుకుని నడిచేనాటి గొంతు అది.

వేలు అక్కడే ఉంచి కళ్ళు తెరిచింది. “గుండుసూది ఉందా బాబూ?” అని గుమాస్తాని అడిగింది.

అతను కాగితాల కట్టలోంచి ఒకటి పీకి ఇచ్చాడు. ఆమె వేలు జరపకుండా ఆ చోట గుచ్చింది. చొక్కా చెయ్యి తిప్పి, ఎదురు వైపు తడిమి, ఇంకోటి అడిగి గుచ్చింది. తర్వాత కింది అంచు మడత విప్పి, పోగులు లాగిన చోటు, పళ్ళు ఊడిన దువ్వెనలా పలచబడ్డ చోటు, తిప్పి చూపించింది. జడ్జీలు ముందుకి వంగారు. వకీలు కూడా వచ్చి వంగి చూశాడు. తన కుర్చీలోకి వెళ్ళి కూర్చున్నాడు.

సూదక్క వెనక్కి తిరిగింది. చిట్టచివర, గోడకి ఆనుకుని, ఆ పిల్ల నిలబడి ఉంది. ఆమె చూపు సూదక్క మీద లేదు. గుండుసూదుల మీద ఉంది. అక్కడినుంచి కదల్లేదు.

తమ్ముణ్ణి బయటికి తీసుకెళ్ళారు. తీర్పు ఇంకో రోజు చెబుతామని పెద్ద జడ్జి ఏదో రాసుకుంటున్నాడు. గుమాస్తా చొక్కా మడిచి సంచిలో పెట్టబోతూ, గుచ్చుకుంటుందని కాబోలు, గుండుసూది మీద వేలు వేశాడు.

“తియ్యకండి,” అంది సూదక్క. గది అంతా వినపడింది. “తీస్తే మళ్ళీ నాకు కూడా దొరకదు.”